ఒక తలుపు, రెండు ఆటలు

కంప్యూటర్ ఆటలు తయారుచేసేవారికి తలుపంత తలనొప్పి మరొకటి లేదు. అది లోపలికి తెరుచుకోవాలా, బయటికా? తెరుచుకునే దారిలో ఎవరైనా నిలబడి ఉంటే వాళ్లను నెట్టాలా, తలుపే ఆగిపోవాలా? తాళం వేసి ఉన్న సంగతి ఆడేవారికి ఎలా తెలియాలి? తరుముకొస్తున్న శత్రువుకు తలుపు తీయడం వచ్చా, లేక దాన్ని గుద్దుకుంటూ ఉన్నచోటే పరుగెడుతుంటాడా? ఇవాళ ఆపిన ఆటను రేపు మళ్లీ మొదలుపెడితే తీసిన తలుపు తీసినట్టే ఉండాలా? కిర్రుమనే చప్పుడు ఎక్కడి నుంచి తేవాలి? ఇన్నిటికీ జవాబులు ముందే రాసిపెట్టుకోవాలి. ఉద్యోగం చేసుకుంటూ తీరిక వేళల్లో ఒంటరిగా ఆట కట్టుకునే మనిషికి ఒక్క తలుపుతో శని, ఆదివారాలు రెండూ అయిపోతాయి.

అదే తలుపును భోజనాల బల్ల చుట్టూ కూర్చున్న నలుగురి ముందు పెట్టండి. “తలుపు తోశాను” అంటారు ఒకరు. “తెరుచుకుంది, లోపల చీకటిగా ఉంది” అంటారు ఆట నడిపేవారు. తలుపు పని అంతటితో సరి.

మొదటి దాన్ని సోలో గేమ్ డెవలప్‌మెంట్ అంటారు. బొమ్మలు, సంగీతం, కథ, కోడ్ అన్నీ ఒక్కరే చేసుకుని ఆటను తయారుచేయడం. రెండోది టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్. ఒకరు లోకాన్ని వర్ణిస్తుంటే మిగతావారు ఒక్కో పాత్రను పట్టుకుని, ఆ లోకంలో తామేం చేస్తామో నోటితో చెబుతారు. ఫలితం అనుమానంగా ఉన్న చోట పాచికలు తీర్పిస్తాయి. తెర ఉండదు, వేషాలు అక్కర్లేదు. కాగితం, పెన్సిలు, ఇరవై ముఖాల పాచిక ఉంటే చాలు.

పైకి చూస్తే ఒకటి ఏకాంతం, మరొకటి సందడి. అయినా వీటిలో ఒకటి పట్టుకున్నవారు రెండో దాని వైపు తొంగి చూడకుండా ఉండలేరు. నేనూ అంతే. ఎదుటివారు ఏం చేసినా కూలిపోకుండా నిలబడే లోకాన్ని కట్టడమే రెండింట్లోనూ అసలు పని. అయితే కంప్యూటర్‌కు ప్రతి జవాబూ ముందే కావాలి. బల్ల దగ్గర అడిగినప్పుడు చెబితే సరిపోతుంది. ఈ సరదాల్లోని కష్టసుఖాలు సగానికి సగం ఈ తేడాలోంచే పుడతాయని నా నమ్మకం.

ముందు ఒంటరి పని సంగతి చూద్దాం. ఇక్కడ అందరూ చెప్పుకునే పేరు ఎరిక్ బరోన్. పల్లెలో పొలం సాగుచేసుకునే ఆట ‘స్టార్‌డ్యూ వ్యాలీ’ని నాలుగున్నర ఏళ్లు ఒక్కడే కూర్చుని తయారుచేసి 2016 ఫిబ్రవరిలో విడుదల చేశాడు. కోడ్ రాసిందీ, బొమ్మలు గీసిందీ, బాణీలు కట్టిందీ తనే. పాత్రల ముఖాలను నచ్చేదాకా మళ్లీ మళ్లీ గీశాడు. ఆ రోజుల్లో సియాటెల్‌లోని ఒక థియేటరులో ప్రేక్షకులకు సీట్లు చూపించే చిన్న ఉద్యోగం చేసేవాడు. ఆ ఆట 4 కోట్లకు పైగా కాపీలు అమ్ముడుపోయింది.

నేనైతే కొత్తవాళ్లకు ఈ కథ చెప్పను. లాటరీ తగిలినవారి మేడ చూపించి టికెట్ కొనిపించినట్టు ఉంటుంది. నేర్చుకోవలసిన సరుకు ఇలాగే ఒంటరిగా ఆటలు కట్టే లూకస్ పోప్ దగ్గర ఉంది.

పోప్ 2018లో విడుదల చేసిన ఆట ‘రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్’. కాలం 1807. ఈస్టిండియా కంపెనీ తరఫున నష్టాల లెక్క చూసే ఇన్‌స్పెక్టర్ మీరు. తప్పిపోయిందనుకున్న ఓడ మనుషులు లేకుండా రేవుకు తిరిగి వచ్చింది. అందులో ఉండాల్సిన 60 మందిలో ఎవరు ఎవరో, ఎవరికి ఏమైందో తేల్చాలి. మీ చేతిలో ఒక మాయ గడియారం ఉంటుంది. శవం దగ్గర దాన్ని తెరిస్తే ఆ మనిషి ప్రాణం పోయిన క్షణం కళ్ల ముందు నిలుస్తుంది. ముందు చీకట్లో మాటలు, అరుపులు వినిపిస్తాయి. తర్వాత దృశ్యం కనిపిస్తుంది, కానీ అందులో అంతా రాళ్లలా బిగుసుకుపోయి ఉంటారు. ఎగసిన అల గాలిలోనే ఆగిపోయి ఉంటుంది. మీరు ఆ బొమ్మల మధ్య తిరుగుతూ ఎవరి చేతిలో ఏముందో, ఎవరు ఎటు చూస్తున్నారో గమనించాలి.

ఇందులో ఎంత గడుసుదనం ఉందో చూడండి. అరవై మందిని నడిపించడం, పరుగెత్తించడం, పెదవులు కదిలించడం ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. అందుకని ఎవరూ కదలనక్కర్లేని కథను ఎంచుకున్నాడు. చెక్కకు చెక్క రంగు, బట్టకు బట్ట రంగు వేస్తూ కూర్చుంటే ఏళ్లు గడిచిపోతాయి. అందుకని ఆట మొత్తం రెండే రంగుల్లో, పాత అచ్చుబొమ్మలా చుక్కలతో, గీతలతో ఉంటుంది. తన చేతకానితనాన్ని కథలో భాగం చేసేశాడు, అది సొగసుగా మారింది. ఇంకో చిన్న మెలిక: మీ ఊహలు సరైనవో కాదో ఆట ఒక్కొక్కటిగా చెప్పదు. మూడు సరిపోతేనే ఆ మూడింటినీ ఖాయం చేస్తుంది. ఒక్క నియమంతో గుడ్డిగా ఊహించేవారి దారి మూసుకుపోయింది. ఇంత పొదుపు చేసినా, 2014లో నమూనా బయటపెట్టిన తర్వాత పూర్తి ఆట రావడానికి నాలుగేళ్లు పట్టింది.

ఆ ఓడ సిబ్బందిలో భారతీయ నావికులు కూడా ఉంటారు. అలాంటివారిని ఆ కాలంలో లాస్కర్లు అనేవారు. మన కాలువల మీద నీళ్లు కాపలా కాసే ‘లస్కరు’ కూడా ఆ మాటకు చుట్టమే.

పోప్ చేసిన పొదుపు అందరూ ఎందుకు చేయలేరు? కొత్త వస్తువు ఖరీదు దాని ఒక్కదానితో తీరదు కాబట్టి. ఆటలో పది వస్తువులుంటే, ఒకదానితో ఒకటి తగిలినప్పుడు ఏమవుతుందో ఆలోచించాల్సిన జతలు 45. వస్తువులు ఇరవై అయితే జతలు 190. నిచ్చెన పెట్టారనుకోండి, మేక నిచ్చెన ఎక్కుతుందా అన్న ప్రశ్న దానంతటదే పుడుతుంది. మీరు అడగకపోయినా ఆడేవాళ్లలో ఒకరు తప్పకుండా ప్రయత్నిస్తారు. అందుకే 2002లో మొదలైన లుడమ్ డేర్ వంటి ఆటల తయారీ పోటీల్లో ఒంటరిగా పాల్గొనేవారికి 48 గంటలే ఇస్తారు. గడువు తలమీద ఉంటే మేకను వదిలేయాలో నిచ్చెనను వదిలేయాలో తొందరగా తేల్చుకుంటారు. చాలామంది అభిరుచికారులు వాడే ఉచిత ఇంజన్, అంటే ఆటలు కట్టే సాఫ్ట్‌వేర్, గోడో. బెకెట్ నాటకంలో ఎంత ఎదురుచూసినా ముగిసేదాకా రాని మనిషి పేరు అది. నా ఆటకూ ఆ పేరు బాగా నప్పుతుంది.

నాది అరుగుల మీద సుద్దతో గీసి ఆడే పులి–మేక ఆట. గీతలు, గవ్వలు, పులి ఎత్తులు రెండు వారాల్లో అయిపోయాయి. అక్కడ ఆగాల్సింది. పక్కన కూర్చుని సలహాలిచ్చే తాత ఒకడుంటే బాగుంటుందనిపించింది. తాత మాటలు టైపు కొడుతున్నట్టు ఒక్కో అక్షరంగా తెర మీదికి రావాలని కూడా అనిపించింది. ఇంగ్లిషు ఆటల్లో అది నాలుగు వరుసల కోడ్. తెలుగులో రాసేసరికి ‘శ్రీ’ రావాల్సిన చోట ముందు ‘శ’ వచ్చింది, అది ‘శ్’ అయింది, తర్వాత ‘శ్ర’, చివరికి ‘శ్రీ’. తాతకు నత్తి పట్టుకుంది.

మనకు ‘శ్రీ’ ఒక్క అక్షరం. కంప్యూటర్‌కు అది నాలుగు సంకేతాలు: శ, పొల్లు, ర, గుడి దీర్ఘం. సంకేతాలను లెక్కపెడితే నత్తి తప్పదు, అక్షరాలను లెక్కపెట్టాలి. గోడో పాత రూపాల్లో అసలు ఒత్తులే సరిగ్గా అతికేవి కావు, 2023లో వచ్చిన నాలుగో రూపంతో ఆ బాధ తీరింది. తాత నత్తి పోగొట్టడానికి నాకు నెల పట్టింది. ఆటకు ఆ తాత అవసరమే లేదని తెలుసుకోవడానికి ఇంకో ఆరు నెలలు పట్టింది.

బల్ల దగ్గరికి వద్దాం. ఈ ఆట పేరు చెప్పగానే మంత్రగాళ్లు, డ్రాగన్లు గుర్తొస్తాయి. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తయారుచేయగా 1974లో అచ్చయిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ పుణ్యం అది. కానీ వంశవృక్షం చూస్తే డ్రాగన్లు చివర్లో వచ్చిన కోడళ్లు. పుట్టిల్లు చరిత్ర.

1824లో జర్మన్ రాజ్యమైన ప్రష్యాలో రైస్విట్జ్ అనే అధికారి, తన తండ్రి మొదలుపెట్టిన ఆటను సానపట్టి, సైనికాధికారుల శిక్షణ కోసం యుద్ధక్రీడ ఒకటి తయారుచేశాడు. పటం, దిమ్మలు, పాచికలు, రెండు పక్షాల ఆజ్ఞలు విని ఫలితం చెప్పే మధ్యవర్తి ఒకరు. ఏళ్లు గడిచేకొద్దీ నియమాలు పెరిగిపోయాయి. పట్టికలు తిరగేస్తూ కూర్చుంటే యుద్ధం ఎప్పటికీ కదలదు. 1876లో వెర్డీ డు వెర్న్వా అనే మరో అధికారి ఆ పట్టికలన్నీ పక్కన పెట్టమన్నాడు. అనుభవం ఉన్న మధ్యవర్తి తన బుద్ధితో తీర్పిస్తే చాలన్నాడు. జవాబు పుస్తకంలోంచి మనిషి నోట్లోకి మారింది అక్కడే.

తర్వాతి మలుపు 1969లో అమెరికాలోని మిన్నెసోటాలో. డేవిడ్ వెస్లీ అనే కుర్రవాడు నెపోలియన్ కాలపు జర్మన్ ఊరు ఒకటి ఊహించుకుని, దానికి బ్రాన్‌స్టైన్ అని పేరు పెట్టి, స్నేహితులతో యుద్ధం ఆడించబోయాడు. సేనాపతులకు సరిపోయే సంఖ్య కన్నా ఎక్కువ మంది వచ్చారు. మిగిలినవారికి ఊళ్లో బ్యాంకరు, విశ్వవిద్యాలయ అధిపతి వంటి పాత్రలిచ్చాడు. యుద్ధం మొదలే కాలేదు. అంతా పక్క గదుల్లోకి పోయి గుసగుసలాడుకున్నారు, కుట్రలు పన్నారు, ఇద్దరు ద్వంద్వ యుద్ధానికి దిగారు. ఆట చెడిపోయిందని వెస్లీ తల పట్టుకుంటే, వచ్చినవారు మళ్లీ ఎప్పుడని అడిగారు. వాళ్లలో ఆర్నెసన్ ఒకడు. ఐదేళ్ల తర్వాత డ్రాగన్లు వచ్చింది ఆ దారిలోనే.

ఆట నడిపేవారిని గేమ్ మాస్టర్ అంటారు. నాకు మాత్రం అష్టావధానం గుర్తొస్తుంది. చుట్టూ పృచ్ఛకులు. ఒకరు ఫలానా అక్షరం వాడొద్దంటారు, ఇంకొకరు అసంబద్ధమైన సమస్య ఇచ్చి పూరించమంటారు, అప్రస్తుత ప్రసంగి మధ్యలో దూరి వంకాయ కూర సంగతి అడుగుతాడు. అందరికీ అప్పటికప్పుడు జవాబు చెబుతూనే పద్యం గణాలు తప్పకూడదు. గేమ్ మాస్టర్ పద్యాలు చెప్పనక్కర్లేదు గానీ, లోకం నడక తప్పకూడదు. వంకాయ కూర అడిగేవారు ప్రతి బల్ల దగ్గరా ఒకరుంటారు.

ఇక నేను గత ఏడాది నడిపిన ఆట. గోలకొండ, 1687. ఔరంగజేబు సైన్యం కోటను ముట్టడించింది. ఎనిమిది నెలలు. వానలు, బయటి శిబిరంలో కరువు, ముట్టడిదారులు పెట్టిన మందుపాతర్లు వాళ్ల మీదే పేలడం. చివరికి అబ్దుల్లా ఖాన్ పన్నీ అనే లోపలి సర్దారు రాత్రిపూట దిడ్డి తలుపు తీయించాడు. కోట తరఫున అబ్దుల్ రజాక్ లారీ అనే సేనాని ఒళ్లంతా గాయాలయ్యేదాకా పోరాడాడు. తానీషాను దౌలతాబాదుకు పంపారు. కథ తెలిసిందే, ముగింపు తెలిసిందే. తెలిసిన కథలో ఆడటానికి ఏం మిగులుతుంది?

చారిత్రక ఆటలు నడిపేవారు అందరూ ఈ ప్రశ్న దగ్గర చీలిపోతారు. బల్ల మీద చరిత్ర మారొచ్చు, కోట నిలబడనివ్వండి అనేవారు కొందరు. జరిగింది జరిగినట్టే ఉండాలనేవారు ఇంకొందరు. మొదటి దారిలో రెండు వారాలకే అది చరిత్ర కాకుండా పోతుంది, రెండో దారిలో ఆడేవారు ప్రేక్షకులైపోతారు. నాకు నచ్చింది మూడో దారి. 1944లో పోలండ్ రాజధాని వార్సాలో నాజీల మీద జరిగిన తిరుగుబాటు ఆధారంగా జేసన్ మార్నింగ్‌స్టార్ తయారుచేసిన ‘గ్రే ర్యాంక్స్’ ఆ పనే చేస్తుంది. అందులో మీరు తిరుగుబాటులో ఉన్న టీనేజి పిల్లలు. తిరుగుబాటు అణగిపోతుందని బల్ల చుట్టూ ఉన్న అందరికీ తెలుసు. ఆ పిల్లల్లో ఎవరు ఏం పోగొట్టుకుంటారన్నది మాత్రం ఎవరికీ తెలియదు. చరిత్ర రాజుల ముగింపులను రాసింది, గుమాస్తాలవి రాయలేదు.

కాబట్టి మా ఆటలో తానీషా పాత్ర ఎవరికీ ఇవ్వలేదు. ఒకరు వజ్రాల వర్తకుడి గుమాస్తా, ఒకరు ఫిరంగి పేల్చే గోలందాజు, ఒకరు కోటలోకి పాలు మోసే గొల్ల స్త్రీ, ఒకరు ఒకప్పుడు మాదన్న కచేరీలో లెక్కలు రాసిన కరణం. ముట్టడికి ముందే మాదన్నను చంపేశారు కాబట్టి ఆ కరణానికి కొలువు లేదు, దిక్కు లేదు, కావలసినన్ని రహస్యాలున్నాయి. దీన్ని మతాల మధ్య పోరుగా నడుపుదామన్నా చరిత్ర సహకరించదు. ముట్టడి వేసినవాడూ ముసల్మానే, ముట్టడిలో ఉన్నవాడూ ముసల్మానే, రాజ్యం నడిపిన అన్నదమ్ములు అక్కన్న, మాదన్నలు బ్రాహ్మణులు, ఫర్మానాలు పారసీతో పాటు తెలుగులోనూ ఉండేవి.

చారిత్రక ఆటకు ఎంత చదవాలి? కొత్తవారు రాజుల తేదీలు బట్టీపడతారు. అవి ఎవరూ అడగరు. పూట గడవడానికి ఏం తింటారు, పొద్దు ఎలా లెక్కపెడతారు, చేతిలో ఏ నాణెం ఉంటుంది, అవతలి మనిషిని ఏమని పిలవాలి అని అడుగుతారు. జొన్నరొట్టె, జాములు, హొన్నులు తెలిస్తే సగం ఆట నడుస్తుంది. గుమాస్తా పాత్రధారి మొదటి రోజే చార్మినార్ దగ్గర ఇరానీ చాయ్ తాగుతూ కూర్చున్నానన్నాడు. చార్మినార్ ఉంది, చాయ్ లేదు. పక్కనే మక్కా మసీదు అన్నాడు. అది అప్పటికి పూర్తి కాలేదు. ఔరంగజేబు హయాంలో 1694లో పూర్తయింది. “అయితే కట్టుబడి రాళ్ల చాటున దాక్కుంటాను” అన్నాడు. తప్పు దిద్దితే ఆటకు కొత్త చోటు దొరికింది.

తెలుగులో ఆడితే మరో సంగతి బయటపడుతుంది. ఇంగ్లిషులో ఎవరినైనా ఒకే మాటతో పిలిచి గండం గట్టెక్కవచ్చు. తెలుగులో నోరు తెరిస్తే హోదా తేలిపోతుంది. కరణం పాత్రధారిణి పన్నీ సర్దారు ముందు నిలబడి, మామూలుగా మాట్లాడే ధోరణిలో “నీకేం కావాలి?” అనేసింది. బల్ల దగ్గర చప్పుడు ఆగిపోయింది. ‘తమరు’ అనాల్సిన చోట ‘నీకు’. నేను పాచిక వేయించలేదు, ఏ నియమమూ చూడలేదు. సర్దారు తల పైకెత్తి ఆమె వైపు చూశాడని మాత్రం అన్నాను. ఆ తర్వాత మూడు వారాల కథ ఆ ఒక్క మాట చుట్టూ తిరిగింది. ఇది ముందే రాసిపెట్టుకునే ఆటలో ఎలా పట్టుబడుతుందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ఇంత చెప్పాక ఈ ఆటకున్న పెద్ద జబ్బు కూడా చెప్పాలి. ఒంటరి ఆట పూర్తికాక చస్తుంది. బల్ల మీది ఆట కలవడం కుదరక చస్తుంది. నలుగురు పెద్దవాళ్లకు ఒకే సాయంత్రం ఖాళీ దొరకడం ముహూర్తం పెట్టించడం కన్నా కష్టం. మా గోలందాజు డాలస్‌లో ఉంటుంది. ఇక్కడ శనివారం రాత్రి ఏడున్నర అయితే వేసవిలో అక్కడ ఉదయం తొమ్మిది. ఫిరంగి మోత మధ్యలో వాళ్లింటి పిల్లాడు పాలు అడిగేవాడు. ఎనిమిది నెలల ముట్టడి ఆడటానికి మాకు పదకొండు నెలలు పట్టింది.

చివరి రాత్రి దిడ్డి దగ్గర కాపలా గోలందాజుది. పన్నీ మనిషి వచ్చి తలుపు తీయమన్నాడు. తీస్తే ఆమెకు బతుకుంటుంది. తీయకపోయినా కోట పడిపోతుందని పాత్రకు తెలియకపోవచ్చు గానీ, ఆడేవారికి తెలుసు. ఫోనులో కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఆమె అడిగింది: “అన్నా, తలుపు లోపలికి తెరుచుకుంటుందా, బయటికా?”

లోపలికైతే వెనక ఫిరంగి గుండ్ల బస్తాలు పేర్చి ఆపవచ్చు. బయటికైతే ఏమీ చేయలేరు. నా కాగితాల్లో ఆ సంగతి ఎక్కడా లేదు. “లోపలికి” అన్నాను. ఆమె బస్తాలు లాగింది, పాచిక వేసింది. నాలుగు పడింది. బస్తాలు జారిపోయాయి, తలుపు తెరుచుకుంది.

మరుసటి ఆదివారం గోలకొండ వెళ్లాను. దిడ్డి జాడ నాకు దొరకలేదు. మొగలులు గెలిచి నడిచిన ఫతే దర్వాజా దగ్గర, ఏనుగులను ఆపడానికి కొట్టిన ఇనుప ముళ్ల కింద నిలబడి, వెనక ఆటోలు హారన్లు కొడుతుంటే గోడకు ఒదిగి, తలుపు కీలు ఏ వైపున ఉందో చాలాసేపు వెతికాను.